అరుగు గుండ్రం, బిల్లు మాత్రం నలుచదరం. ఇది న్యాయమేనా?

అంబాజీపేట_అబ్బాయి
మా వీధి చివర రావిచెట్టు చుట్టూ గుండ్రటి అరుగు ఉంది. పాతది. పైన గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. వీధిలో అందరం తలా కొంత వేసుకుని గ్రానైట్ వేయిద్దాం అనుకున్నాం. కాంట్రాక్టరు వచ్చి చూసి ఎస్టిమేటు రాసిచ్చాడు. పైన పలక 14 × 14, అంటే 196 చదరపు అడుగులు. అంచు పాలిష్ 14 × 4, అంటే 56 రన్నింగ్ అడుగులు. గుండ్రంగా ఉన్నదానికి ఈ లెక్కేంటండీ అంటే, "గుండ్రం పనికి ఎక్కడైనా చదరమే కడతాం సార్" అన్నాడు. పైగా చెట్టు మొదట్లో మట్టి వదిలిన గుంట ఉంది, దాని చుట్టూ ఇటుక వరస. అక్కడ పలకే పడదు. దాన్నీ కలిపేశాడు.

టేపు చుట్టూ తిప్పితే బయట 44 అడుగులు, గుంట చుట్టూ 22 అడుగులు వచ్చింది. మధ్యలో చెట్టు అడ్డం, అందుకని అడ్డంగా కొలవడం కుదరలేదు. అసలు ఎంతకి కట్టాలి? డబ్బు పదిమందిదీ, రేపు లెక్క నన్నే అడుగుతారు.

పూతరేకు
గుండ్రానికి చదరం కడితే చదరానికి ఏం కడతాడో కనుక్కోండి ముందు.

లెక్కల_మేస్టారు
చుట్టుకొలత దొరికాక చెట్టు అడ్డం ఉన్నా ఇబ్బంది లేదు. పరిధిని 22/7తో భాగిస్తే వ్యాసం. 44కి 14 అడుగులు, అందులో సగం 7 వ్యాసార్థం. వైశాల్యం 22/7 × 7 × 7, అంటే 154. గుంటకి ఇదే లెక్క: పరిధి 22, వ్యాసం 7, వ్యాసార్థం మూడున్నర, వైశాల్యం 38.5. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 115.5 చదరపు అడుగులు. పలక పడేది అంతే.

అంచు సంగతి. బయటి అంచు 44 అడుగులు, 56 కాదు. లోపలి అంచుకి కూడా పాలిష్ పెట్టిస్తే ఇంకో 22 కలపండి.

మీ కాంట్రాక్టరు రాసినవి ఆ వృత్తాన్ని తాకుతూ బయట గీసిన చదరం కొలతలు. ఒక గమ్మత్తు చూడండి: 154ని 196తో భాగించినా, 44ని 56తో భాగించినా 11/14 వస్తుంది. వృత్తం ఎంత పెద్దదైనా ఇదే నిష్పత్తి. గుంట సంగతి పక్కన పెట్టినా 11 రూపాయల పనికి 14 అడుగుతున్నాడన్నమాట, రెండు పద్దుల్లోనూ.

ఆక్వా_బాబాయ్
మేస్టారూ, మీలాంటోరు మాకు చెరువు కొలిచేటప్పుడు దొరకలేదండి. ఆయ్.

పంటకాలవ
చెట్టు సరిగ్గా మధ్యలో లేకపోతే? మా ఊరి అరుగు ఒక పక్క రెండడుగులు, ఇంకో పక్క ఐదడుగులు ఉంటుంది. అప్పుడు ఈ లెక్క పనికిరాదు కదా.

లెక్కల_మేస్టారు
పనికొస్తుంది. గుంట మొత్తం బయటి వృత్తం లోపల ఉంటే చాలు, ఏ పక్కకి జరిగినా మిగిలే వైశాల్యం మారదు. కేంద్రాలు ఒకటే అవ్వాలన్న నియమం ఈ తీసివేతకి లేదు.

తాపీ_తణుకు
మేస్టారి లెక్కకి వంక పెట్టను. కానీ రాయి గుండ్రంగా పుట్టదండి. షాపులో నలుపలకల పలకే దొరుకుద్ది. దాన్ని కోసుకోవాలి.

మీ అరుగుకి 16 ముక్కలు చేశామనుకోండి. ఒక్కో ముక్క బయటి వంపు 44 బై 16, అంటే 2 అడుగుల 9 అంగుళాలు. లోపలి వంపు అందులో సగం, 1 అడుగు నాలుగున్నర అంగుళాలు. మధ్య పొడవు మూడున్నర అడుగులు. ముక్క వైశాల్యం 7.2 చదరపు అడుగులే. కానీ దాన్ని విడిగా ఒక పలకలోంచి తియ్యాలంటే ఆ పలక 2 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 3 అడుగుల 7 అంగుళాల పొడవు ఉండాలి. వంపుకి మధ్యలో పొట్ట ఉంటది కాబట్టి మూడున్నర సరిపోదు. అంటే 9.8 పైనే. 16 ముక్కలకి 158 దాకా పోద్ది. తెలిసినోడు ఒక ముక్క తలకాయ పక్కన ఇంకో ముక్క తోక వచ్చేలా గీసుకుంటాడు. అప్పుడు 130, 135లో సర్దొచ్చు. 116కి మాత్రం ఎవడి వల్లా కాదు.

కాబట్టి వేసిన పనికి కూలీ 115.5కి కట్టండి. రాయి డబ్బు షాపు చీటీ చూసి ఇవ్వండి. వంపు కోతకి బ్లేడు త్వరగా అరుగుద్ది, దానికి రన్నింగ్ అడుగు రేటు కాస్త ఎక్కువ అడిగితే కాదనకండి. అన్నీ కలిపి 196లో కుక్కేస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

గోదారి_గాలి
తాపీ గారి మాట సబబుగా ఉంది. కొలత వేరు, కొన్న సరుకు వేరు. మా ఇంట్లో మెట్లకీ ఇలాగే రెండూ కలిపి రాసి మాయ చేశారు.

హైద్రాబాద్_లో_కోనసీమ
టేపు చుట్టూ తిప్పితే అక్కడక్కడ వదులవుతుంది, గచ్చు పెచ్చులు కూడా అడ్డం వస్తాయి. ఇంకో దారి చెప్తాను. మేస్త్రీ దగ్గర మూలమట్టం ఉంటుంది. దాని మూలని అరుగు అంచు మీద ఒక చోట పెట్టి, రెండు భుజాల వెంట రెండు తాళ్ళు అంచు దాకా లాగండి. అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే కదా. తిప్పి చెప్పుకుంటే, అంచు మీద 90 డిగ్రీలు పెడితే ఆ తాళ్ళు అవతల తాకే రెండు చోట్లూ వ్యాసం కొసలే. ఆ కొసల మధ్య చెట్టు అడ్డం ఉన్నా పరవాలేదు. రెండు తాళ్ళూ కొలిచి, వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే వ్యాసం. మీ అరుగుకి తాళ్ళు రెండూ సమానంగా లాగితే ఒక్కోటి 9 అడుగుల 11 అంగుళాలకి కాస్త తక్కువ రావాలి.

పంటకాలవ
తాళ్ళకి గుంట ఇటుకలు అడ్డం రావా?

హైద్రాబాద్_లో_కోనసీమ
సమానంగా లాగితే రావు. ఒక్కో తాడు కేంద్రానికి దాదాపు 5 అడుగుల దూరంలో పోతుంది, గుంట మూడున్నర దాకానే. చెట్టు మధ్యలో లేకపోతే మాత్రం చూసుకుని మూల పెట్టాలి.

తాపీ_తణుకు
మూలమట్టం చిన్నది, అంత పొడుగు తాడుకి తప్పొస్తది. 3, 4, 5 అడుగులు పెట్టి మూల తిప్పుకోండి, ఇళ్ళకి ముగ్గు పోసేటప్పుడు మేం అదే చేస్తాం.

టెన్త్_అమ్మ
చర్చలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మాయి చాపం, వృత్తఖండం, త్రిజ్యాంతరం మూడూ కలగాపులగం చేసేస్తోంది. పరీక్షలంటే టెన్షన్. పుస్తకంలో నిర్వచనాలు అప్పజెప్తుంది, బొమ్మ చూపిస్తే మాత్రం తప్పు పేరు చెబుతుంది. ఇక్కడ మేస్టారు ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

లెక్కల_మేస్టారు
రేపు పొద్దున్న దిబ్బరొట్టె వేసి, ప్లేట్లో తీసి ఆ అమ్మాయి చేతికే చాకు ఇవ్వండమ్మా. రొట్టె నడిబొడ్డు నుంచి అంచు దాకా రెండు గాట్లు పెడితే వచ్చే ముక్క త్రిజ్యాంతరం, సెక్టరు అనేదీ అదే. నడిబొడ్డు జోలికి పోకుండా అంచు నుంచి అంచుకి అడ్డంగా ఒకే గాటు పెడితే విడిపోయే ముక్క వృత్తఖండం. ఆ గాటు జ్యా. ముక్కకి ఎర్రగా కాలి కరకరలాడే అంచు ఉంటుంది చూడండి, అది చాపం. చాపం గీత మాత్రమే, దానికి వైశాల్యం లేదు. మిగతా రెండూ తినేవి. గాటు సరిగ్గా నడిబొడ్డు మీదుగా పోతే ఆ జ్యాకే వ్యాసం అని పేరు, అంతకంటే పొడుగు జ్యా ఆ రొట్టెలో దొరకదు.

పూతరేకు
చాపం నాకివ్వండి చాలు. రొట్టెలో అదే అసలైంది.

టెన్త్_అమ్మ
మరి స్పర్శరేఖ?

పూతరేకు
పక్కన నించుని వాసన చూసి వెళ్ళిపోయేవాడు.

లెక్కల_మేస్టారు
నవ్వులాటకి అన్నా తప్పులేదు. అంచుని ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది, లోపలికి రాదు. ఆ బిందువుకి కేంద్రం నుంచి గీసిన వ్యాసార్థం స్పర్శరేఖకి లంబంగా ఉంటుంది. పరీక్షలో సగం లెక్కలు ఈ ఒక్క ముక్క మీదే నడుస్తాయి.

గోదారి_గాలి
ఆ ముక్క మీదే అంబాజీపేట గారికి ఒక చిట్కా. చుట్టుకొలతలు రెండూ వద్దు, ఒక్క కొలత చాలు. గుంట ఇటుక వరసని ఒక చోట తాకుతూ, అరుగు ఈ అంచు నుంచి ఆ అంచుకి తాడు లాగండి. దాని పొడుగు కొలిచి, సగం చేసి, వర్గం చేసి, 22/7తో హెచ్చవేయండి. పలక పడే వైశాల్యం తిన్నగా వచ్చేస్తుంది. మీ కొలతలకి ఆ తాడు 12 అడుగుల ఒకటిన్నర అంగుళం ఉంటుంది. సగం 6.06, వర్గం 36.75, హెచ్చవేస్తే 115.5.

అంబాజీపేట_అబ్బాయి
ఇదేదో ఇంద్రజాలంలా ఉందే! ఎలా?

గోదారి_గాలి
కేంద్రం నుంచి తాడు కొస దాకా పెద్ద వ్యాసార్థం. కేంద్రం నుంచి తాడు తాకిన చోటికి చిన్న వ్యాసార్థం. అక్కడ లంబం కాబట్టి ఇది లంబకోణ త్రిభుజం, సగం తాడు మూడో భుజం. పెద్ద వ్యాసార్థం వర్గంలోంచి చిన్నదాని వర్గం తీసేస్తే సగం తాడు వర్గమే మిగులుతుంది. మనకి కావాల్సిన తీసివేత కూడా అదే.

పంటకాలవ
ఆగండాగండి. ఇక్కడ మాత్రం చెట్టు మధ్యలో ఉండి తీరాలి. గుంట పక్కకి జరిగి ఉంటే తాడు ఒక్కో వైపు ఒక్కో పొడుగు వస్తుంది. ఇందాక నేనడిగింది ఇప్పుడు చెల్లింది.

లెక్కల_మేస్టారు
చెల్లింది. తీసివేతకి ఏకకేంద్రం అక్కర్లేదు, తాడు చిట్కాకి కావాలి.

కొబ్బరిమట్ట
22/7 అసలు తప్పు కదా, 3.14 కరెక్టు అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. 22/7 వేసి డబ్బు ఎక్కువ కట్టేస్తారేమో జాగ్రత్త.

లెక్కల_మేస్టారు
పై (π) అంటే పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, దానికి రెండూ ఉజ్జాయింపులే. నిజం చెప్పాలంటే 3.14 కంటే 22/7 అసలు విలువకి దగ్గర. 22/7 కొంచెం ఎక్కువ, 3.14 కొంచెం తక్కువ. అసలు విలువ 223/71కీ 22/7కీ మధ్య ఉంటుందని ఆర్కిమెడీస్ బహుభుజులు గీసి తేల్చాడు. ఆర్యభటుడు 499లో చెప్పిన లెక్క ఇంకా దగ్గరిది: నూటికి నాలుగు కలిపి, ఎనిమిదితో హెచ్చవేసి, 62,000 కలిపితే 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి పరిధి. అంటే 62,832, π విలువ 3.1416. ఆయన కూడా దాన్ని 'ఆసన్న' అనే అన్నాడు, కచ్చితం అనలేదు. ఏ భిన్నంతోనూ దాన్ని కచ్చితంగా రాయలేమని 1761లో లాంబర్ట్ నిరూపించాడు. మీ అబ్బాయికి చెప్పండి, 14 అడుగుల అరుగు పరిధిలో 22/7కీ 3.1416కీ తేడా పావు అంగుళం కూడా రాదు. టేపు బిగువులో అంతకంటే ఎక్కువ పోతుంది.

ఆక్వా_బాబాయ్
అయితే నాదో డౌటు. చెరువు గుండ్రంగా తవ్విస్తే గట్టు ఖర్చు తగ్గుద్దా?

పంటకాలవ
తగ్గుతుంది బాబాయ్. 44 అడుగుల తాడు చదరంగా పరిస్తే 11 × 11, అంటే 121. అదే తాడు గుండ్రంగా పరిస్తే 154. ఒకే చుట్టుకొలతకి వృత్తం పట్టినంత చోటు ఇంకే ఆకారమూ పట్టదు. ధాన్యం పురి గుండ్రంగా కట్టేవాళ్ళు కదా, చుట్టిన గడ్డికి ఎక్కువ ధాన్యం పట్టేది. పైగా మూలలు లేకపోతే బరువు అన్ని వైపులా సమానంగా తోస్తుంది, ఒకచోట చిట్లదు.

ఆక్వా_బాబాయ్
మరి మావాళ్ళెవరూ తవ్వరేం?

పంటకాలవ
మీ చేను గుండ్రంగా ఉందా? చదరపు చేలో గుండ్రటి చెరువు తవ్వితే నాలుగు మూలలూ కలిపి నూటికి 21 పాళ్ళు పైనే పోతుంది. ఎకరం కౌలు కట్టి 79 సెంట్లలో రొయ్యలు పెంచుతారా?

ఆక్వా_బాబాయ్
నాలుగు మూలలకీ నాలుగు కొబ్బరి చెట్లు.

అంబాజీపేట_అబ్బాయి
మళ్ళీ అరుగు దగ్గరికి వద్దాం. కొత్త చిక్కొచ్చింది. దక్షిణం వైపు రావి వేరు అరుగుని తోసేసింది. చూపుకి అటు గుండ్రం చెడినట్టుంది. పెద్దవాళ్ళు మాత్రం "చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, గుండ్రమే" అంటున్నారు. ఎలా తేల్చాలి?

తాపీ_తణుకు
బద్దతో తేలిపోద్ది. తిన్నటి బద్దని అరుగు పైన, రెండు కొసలూ అంచుకి సరిగ్గా వచ్చేలా పెట్టండి. బద్ద మధ్య నుంచి బయటి అంచు దాకా ఎంత ఎడం ఉందో కొలవండి. నాలుగైదు చోట్ల ఒకటే వస్తే గుండ్రం. తేడా వస్తే అక్కడ వంకర. కమాను కట్టేటప్పుడు మాకు చెప్పేదీ ఇదే: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత. ఆ రెండూ ఉంటే వంపు వచ్చేస్తది.

లెక్కల_మేస్టారు
దానికి సూత్రం కూడా ఉంది. సగం బద్ద వర్గాన్ని ఎడంతో భాగించి, దానికి ఎడం కలిపి, మొత్తాన్ని సగం చేస్తే వ్యాసార్థం. 6 అడుగుల బద్ద, ఎడం 8 అంగుళాలు అనుకోండి. 36 వర్గం 1,296. 8తో భాగిస్తే 162, 8 కలిపితే 170, సగం 85 అంగుళాలు. అంటే 7 అడుగుల 1 అంగుళం.

అంబాజీపేట_అబ్బాయి
బద్ద పెట్టి చూశాం. ఉత్తరం, తూర్పు, పడమర మూడు చోట్లా 8 అంగుళాలు. దక్షిణం వేరు దగ్గర 7. సూత్రంలో వేస్తే అక్కడ వ్యాసార్థం 96 అంగుళాలు, అంటే 8 అడుగులు వస్తోంది! ఒక్క అంగుళానికి అడుగు తేడానా?

హైద్రాబాద్_లో_కోనసీమ
చిన్న బద్దతో అంతే. ఎడం తక్కువ ఉన్నప్పుడు అంగుళం తప్పు పెద్ద తప్పైపోతుంది. పదడుగుల బద్ద దొరికితే అది పెట్టండి, ఎడం 25 అంగుళాల దగ్గర వస్తుంది, అక్కడ అంగుళం తేడాకి వ్యాసార్థం రెండు, రెండున్నర అంగుళాలే మారుతుంది. ఆరడుగుల బద్ద గుండ్రం చెడిందో లేదో చెప్పడానికి బాగా పనికొస్తుంది, వ్యాసార్థం తేల్చడానికి కాదు.

తాపీ_తణుకు
ఆ వైపు అంచు కాస్త చదునైంది, అంతే. దాని కోసం అరుగు మొత్తం 8 అడుగులకి లెక్క కట్టనివ్వకండి, మీ కాంట్రాక్టరు చూస్తే అదే పట్టుకుంటాడు. ఆ ఒక్క ముక్క అక్కడే అట్ట ముక్క పెట్టి గీసుకుని కొయ్యమనండి. మిగతా 15 ముక్కలూ ఒకే కొలత.

కొబ్బరిమట్ట
ఎలాగూ వేయిస్తున్నారు కదా, చుట్టూ ఒక్క అడుగు పెంచేయండి. సాయంత్రం కూర్చునేవాళ్ళకి బాగుంటుంది.

లెక్కల_మేస్టారు
ఒక్క అడుగు అని తేలిగ్గా అనకండి. వ్యాసార్థం 7 నుంచి 8 అయితే అంచు పెరిగేది 6 అడుగుల చిల్లరే. పలక మాత్రం 47 చదరపు అడుగులు పెరుగుతుంది. ఇప్పుడున్న 115కి అది దాదాపు నాలుగోవంతు తక్కువ సగం.

పూతరేకు
మేస్టారూ, "నాలుగోవంతు తక్కువ సగం" అంటే పావేనండి.

లెక్కల_మేస్టారు
నిజమే నాయనా, తప్పుగా అన్నాను. సూటిగా అంటాను, నూటికి 41 పాళ్ళు.

అంబాజీపేట_అబ్బాయి
పెంచే ఆలోచన మానేశాం. కాంట్రాక్టరుతో మాట్లాడాను. 14 × 14 చదరం గీసి, లోపల గుండ్రం గీసి, నాలుగు మూలలూ చూపించి "ఇక్కడ పలక వేసి చూపించండి, డబ్బిస్తాం" అన్నాను. కాసేపు గొణిగి దిగొచ్చాడు. కూలీ 115.5కి, బయటి అంచు 44 అడుగులకి, రాయి షాపు చీటీకి. వంపు కోతకి అడుగు రేటు కొంచెం పెంచి అడిగాడు, సరే అన్నాం.

తాపీ_తణుకు
బాగుంది. పని మొదలెట్టే ముందు ఇంకో మాట. రావిచెట్టు ఊరుకోదు, వేరు లావెక్కుద్ది. గుంటని ఆ పాత ఇటుక వరస దాకానే ఉంచితే కొన్నేళ్ళకి పలకలు లేచిపోతాయి. చుట్టూ ఇంకో అరడుగు మట్టి వదలండి.

గోదారి_గాలి
అప్పుడు గుంట వ్యాసార్థం 4. పలక పడేది 103.7. ఇంకో 12 చదరపు అడుగులు తగ్గింది!

తాపీ_తణుకు
తగ్గుద్ది. ఆ మాట నేను చెప్పానని మాత్రం మీ కాంట్రాక్టరుకి చెప్పకండి.